మూడేళ్ళలో పెళ్ళి పెట్టుకుని నలభై ఏళ్ళ బాండు కొనొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఈ మధ్య అర ఎకరం అమ్మాం. అప్పులు తీర్చగా 16 లక్షలు మిగిలాయి. అందులో 7 లక్షలు అమ్మ ఇంటి ఖర్చులకి, 6 లక్షలు మూడేళ్ళలో చేయాల్సిన చెల్లి పెళ్ళికి, 3 లక్షలు వచ్చే జూన్‌లో మా బాబు ఇంజనీరింగ్ ఫీజుకి అనుకున్నాం. అమ్మకి 62 ఏళ్ళు. మా పెదనాన్న తెలిసినవాళ్ళకి నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇప్పిస్తానంటున్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో మొత్తం గవర్నమెంటు బాండ్లలో పెట్టమంటున్నాడు. నలభై ఏళ్ళ బాండులో వడ్డీ ఎక్కువట, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చట. మాకు బాండ్ అంటే స్టాంపు కాగితమే తెలుసు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. డబ్బు ఎక్కడ పెట్టాలని అడగకముందే, ఏ డబ్బు ఎప్పుడు కావాలో మీరు లెక్క వేసుకున్నారు. బ్యాంకులో నేను పనిచేసిన ముప్పై ఏళ్ళలో ఆ లెక్కతో వచ్చినవాళ్ళు చాలా తక్కువమంది. మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

ముందు బాండ్ అంటే ఏమిటో చెప్తాను. మీ ఊళ్ళో ఒకరి దగ్గర అప్పు తీసుకుంటే ప్రోనోటు రాసిస్తారు కదా. ఇంత తీసుకున్నాను, ఇంత వడ్డీ ఇస్తాను అని. ప్రభుత్వ బాండు కూడా అలాంటి ప్రోనోటే. రాసేది ప్రభుత్వం, అప్పిచ్చేది మీరు. రోడ్లకీ, రైళ్ళకీ, జీతాలకీ పన్నులు చాలనప్పుడు కేంద్రం ఇలా అప్పు చేస్తుంది. దాని తరఫున ఆ పద్దు నడిపేది రిజర్వ్ బ్యాంకు. ఊళ్ళో ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, మళ్ళీ సంతకం పెట్టించుకోవడానికి తిరగాలి. బాండుకి ఆ బాధ లేదు. తీరే తేదీ ముందే రాసి ఉంటుంది, ఆ రోజు అసలు మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాగితం కూడా ఉండదు, అంతా కంప్యూటర్ పద్దే.

దాని పేరు చదవడం వస్తే సగం భయం పోతుంది. '7.10 జీఎస్ 2034' అని ఒక బాండుంది. 7.10 అంటే ఏడాదికి వడ్డీ శాతం. జీఎస్ అంటే గవర్నమెంట్ సెక్యూరిటీ, అంటే కేంద్ర ప్రభుత్వపు అప్పు. 2034 అంటే అసలు తిరిగిచ్చే సంవత్సరం. ఈ బాండు 2034 ఏప్రిల్ 8న తీరుతుంది. అందుకే వడ్డీ ఏటా ఏప్రిల్ 8న సగం, అక్టోబర్ 8న సగం వస్తుంది. లక్ష రూపాయల బాండుంటే ఆరు నెలలకోసారి 3,550 రూపాయలు. నెలనెలా రాదు. ఇంటి ఖర్చులకి దీన్ని నమ్ముకునేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇక వడ్డీ సంగతి. మన లెక్కలో నూటికి నెలకి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. మీ పెదనాన్నగారు చెప్పిన రూపాయిన్నర 18 శాతం. ఏడు శాతం బాండంటే దాదాపు 58 పైసల వడ్డీ. ఊళ్ళో ఈ మాట చెప్తే పెద్దవాళ్ళు పెదవి విరుస్తారు, నిజమే. మీ అమ్మగారి 7 లక్షలు రూపాయిన్నరకి తిప్పితే నెలకి 10,500 వస్తుంది. ప్రభుత్వం దగ్గర ఎక్కడ పెట్టినా అందులో సగం కూడా రాదు. ఈ తేడా చిన్నదని నేను చెప్పను.

కానీ రూపాయిన్నర వడ్డీకి ఒకరు అప్పు చేస్తున్నారంటే, తక్కువ వడ్డీకి ఇచ్చే బ్యాంకు వాళ్ళకి దొరకలేదని చాలాసార్లు అర్థం. పంట పోయినా, వ్యాపారం దెబ్బతిన్నా ముందు ఆగేది మీ వడ్డీ, తర్వాత మీ అసలు. పెదనాన్నగారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. అయితే డబ్బు తీసుకునేది ఆయన కాదు. రేపు వాళ్ళు ఇవ్వకపోతే మీరు డబ్బూ పోగొట్టుకుంటారు, ఆయన ముందు నోరెత్తి అడగనూ లేరు. పొలం అమ్మిన డబ్బు మళ్ళీ పుట్టదు. చెల్లి పెళ్ళి డబ్బూ, అమ్మ తిండి డబ్బూ ఆ దారిలో పెట్టొద్దు.

మీ తమ్ముడి సలహా దగ్గరికి వస్తాను. ప్రభుత్వ బాండ్లు అన్నాడు, మంచి మాట. నలభై ఏళ్ళది అన్నాడు, అక్కడే పొరపాటు. చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా చేసే పొరపాటు కాబట్టి దీన్ని నిదానంగా చెప్తాను.

బాండు మీద రాసిన వడ్డీ మారదు. బయట వడ్డీలు మాత్రం మారుతూనే ఉంటాయి. మీరు ఈరోజు ఏడు శాతం బాండు నూరు రూపాయలకి కొన్నారనుకోండి. కొన్నాళ్ళకి ప్రభుత్వం కొత్త బాండ్లు ఎనిమిది శాతానికి ఇస్తోంది. అప్పుడు మీ ఏడు శాతం బాండుని ఎవరైనా నూరు పెట్టి ఎందుకు కొంటారు? ధర తగ్గిస్తేనే కొంటారు. ఎంత తగ్గించాలనేది ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉందనే దాన్ని బట్టి ఉంటుంది. ఏడాదిలో తీరిపోయే బాండయితే ఒక్క రూపాయి తగ్గిస్తే చాలు, 99 వస్తుంది. పదేళ్ళు మిగిలి ఉంటే 93. నలభై ఏళ్ళ బాండు కొని మూడేళ్ళ తర్వాత అమ్మబోతే ఇంకా 37 ఏళ్ళు మిగిలి ఉంటాయి, అప్పుడు వచ్చేది 88. మీ చెల్లి పెళ్ళి ముహూర్తం నాటికి వడ్డీలు ఒక్క శాతం పెరిగి ఉంటే చాలు, 6 లక్షల బాండు అమ్మితే చేతికొచ్చేది 5 లక్షల 29 వేలు. వడ్డీలు ఒక శాతం తగ్గితే 115 దాకా వస్తుంది, అదీ నిజమే. కానీ పెళ్ళి డబ్బుతో అలాంటి పందెం వేయకూడదు.

నాకిది అనుభవంలోకి వచ్చిన సంగతే. 2021 జూలైలో అప్పుడే కొత్తగా వచ్చిన 6.10 శాతం పదేళ్ళ బాండు 2 లక్షలకి కొన్నాను. ప్రభుత్వం బాండు, దీనికి లోటేముంటుందని ధీమా. 2022 మేలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ, పెంచడం మొదలుపెట్టింది. 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.50 అయింది. ఈ మధ్యలో, 2022 జూన్‌లో, మా అమ్మాయి ఆపరేషన్‌కి డబ్బు కావాల్సి వచ్చింది. నూటికి 91 చిల్లర చొప్పున అమ్మాను. ప్రభుత్వం నన్ను మోసం చేయలేదు. ఆ బాండు ఉంచుకున్నవాళ్ళకి ఇప్పటికీ ఆరు నెలలకోసారి వడ్డీ వస్తోంది, 2031లో అసలు మొత్తం వస్తుంది. ఎప్పుడైనా అక్కరకి రావాల్సిన డబ్బుని పదేళ్ళకి కట్టేశాను, తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరు బాండ్ల గురించి అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఈ డబ్బు మీకు ఏ నెలలో కావాలి? ఆ నెలకి కాస్త ముందు తీరే బాండు కొనండి. తీరేదాకా ఉంచుకుంటే మధ్యలో ధర ఎటు పోయినా మీకు పట్టదు.

'ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు' అన్న మాటలో ఇంకో మెలిక కూడా ఉంది. అమ్ముకునే వీలు ఉంది, కాదనను. కానీ కొన్ని బాండ్లకి మనలాంటి చిన్న మొత్తాల దగ్గర కొనేవాళ్ళు వెంటనే దొరకరు, దొరికినా ధర కాస్త కోసి అడుగుతారు. ఇక్కడ పెద్ద బేరాలన్నీ బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ కోట్లలో చేసేవే.

ఇప్పుడు మీ మూడు మూటలు ఒక్కొక్కటిగా చూద్దాం.

అమ్మగారి 7 లక్షలకి బాండు అక్కర్లేదు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. అదీ కేంద్ర ప్రభుత్వానిదే. 60 దాటినవాళ్ళు 30 లక్షల దాకా పెట్టొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. ఈ రేటుని ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి చేరే రోజున కౌంటర్‌లో అడగండి. చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్ళూ ఉంటుంది. 8.2 లెక్కన 7 లక్షలకి మూడు నెలలకోసారి 14,350 రూపాయలు ఖాతాలో పడతాయి. ఏడాది దాటాక అవసరమైతే కొంత కోత పెట్టి డబ్బు వెనక్కిస్తారు కూడా. పొలం అమ్మిన ఇంట్లో అమ్మగారికి అన్నిటికంటే కావాల్సింది ఈ నిలకడే.

మీ తమ్ముడు ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్ అని కూడా ఒక మాట అనొచ్చు. అది 2020 జూలైలో వచ్చింది. ఏడేళ్ళ బాండు, వెయ్యి రూపాయల నుంచి కొనొచ్చు. పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ రేటుకి 0.35 కలిపి వడ్డీ ఇస్తారు, జనవరి 1న, జూలై 1న. ఆ రేటు మారితే ఈ వడ్డీ కూడా మారుతుంది. 2023 జూలై నుంచి 8.05 శాతం ఉంది. మంచిదే. కానీ దీన్ని ఇంకొకరికి అమ్మలేం, తాకట్టు పెట్టలేం. అమ్మగారి వయసువాళ్ళయితే ఆరేళ్ళు నిండితే గానీ ముందుగా తీసుకోలేరు. అమ్మగారికి ఉన్నది ఈ 7 లక్షలే కాబట్టి ఇప్పుడు వద్దు.

బాబు ఫీజు 3 లక్షలకి ట్రెజరీ బిల్లు పనికొస్తుంది. ఇదీ ప్రభుత్వపు అప్పే, కాకపోతే పొట్టిది: 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు. దీనికి వేరే వడ్డీ ఉండదు. తక్కువకి కొంటాం, తీరేనాడు నూరు ఇస్తారు. ఉదాహరణకి 364 రోజుల బిల్లు 94 రూపాయల 80 పైసలకి వచ్చిందనుకోండి. 3 లక్షల బిల్లుకి 2,84,400 కడతారు, గడువు తీరాక 3 లక్షలు వస్తాయి. మధ్యలో తేడా 15,600 మీ ఆదాయం. శాతంలో చూస్తే ఐదున్నర. మీ బ్యాంకు ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అంతకంటే ఎక్కువిస్తుంటే అక్కడే వేయండి, మొహమాటపడాల్సిన పని లేదు. ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 3 లక్షలు అందులో ఇమిడిపోతాయి. ఏది పెట్టినా ఫీజు కట్టే తేదీకి ముందే తీరేలా చూసుకోండి. జూన్‌కి ఏడాది లేకపోతే 182 రోజుల బిల్లు.

అసలు బాండు కావాల్సింది చెల్లి పెళ్ళి డబ్బుకి. 6 లక్షలు ఒకే బ్యాంకులో వేస్తే బీమా పరిమితి దాటుతుంది, ఇక్కడ ప్రభుత్వ బాండుకి అర్థముంది. మూడేళ్ళలో, పెళ్ళి అనుకున్న నెలకి రెండు మూడు నెలలు ముందే తీరే బాండు చూడండి. నలభై ఏళ్ళ దానికంటే వడ్డీ ఒక శాతమో, ఇంకాస్త ఎక్కువో తక్కువ రావచ్చు. 6 లక్షల మీద శాతమంటే ఏడాదికి 6 వేలు. ఆ 6 వేల కోసం 70 వేలు పోయే ప్రమాదం మీద కూర్చోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఎలా కొనాలంటే, 2021 నవంబర్ 12 నుంచి రిజర్వ్ బ్యాంకు మనలాంటివాళ్ళకి నేరుగా ఖాతా ఇస్తోంది. పేరు రిటైల్ డైరెక్ట్. పాన్, ఆధార్, సేవింగ్స్ ఖాతా, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటే చాలు. ఖాతాకి ఫీజు లేదు, బ్రోకరూ అక్కర్లేదు. ఫోన్ యాప్ కూడా 2024 మేలో వచ్చింది. నామినీ పేరు మొదటి రోజే రాయించండి. కనీసం 10,000 రూపాయల బాండు కొనాలి, ఆపైన పదివేల చొప్పున పెంచుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. వాట్సాప్‌లో వచ్చే లింకు నొక్కి ఎప్పుడూ ఖాతా తెరవొద్దు. రిజర్వ్ బ్యాంకు పేరు పెట్టుకుని తిరిగే దొంగ యాప్‌లు ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్ళి అక్కడి నుంచే రిటైల్ డైరెక్ట్‌లోకి వెళ్ళండి. ఎవరైనా ఫోన్ చేసి 'మీ బాండు విడుదల చేయాలంటే ఇంత కట్టండి' అంటే ఫోన్ పెట్టేయండి.

ఈ అప్పులన్నీ వేలంలో అమ్ముతారు. రాష్ట్రాల బాండ్లు మామూలుగా మంగళవారం, ట్రెజరీ బిల్లులు బుధవారం, కేంద్రం బాండ్లు శుక్రవారం. వేలం అనగానే మన పొగాకు వేలం గుర్తొచ్చి కంగారు పడకండి. మీరు ధర చెప్పాల్సిన పని లేదు. పెద్ద బ్యాంకులు పోటీపడి ధరలు చెప్తాయి, మనలాంటివాళ్ళకి కొంత వాటా పక్కన పెట్టి, అక్కడ తేలిన సగటు ధరకే ఇస్తారు. మీరు చేయాల్సిందల్లా వేలానికి ముందు ఎంత కావాలో నమోదు చేసి యూపీఐతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో డబ్బు కట్టడం. ధర ముందుగా తెలియదు కాబట్టి కాస్త ఎక్కువ కట్టించుకుని, మిగిలింది తిరిగి వేస్తారు. వేలం అయిన మర్నాడు, శుక్రవారమయితే సోమవారం, బాండు మీ పద్దులో కనిపిస్తుంది. మూడేళ్ళ బాండు ప్రతి వారం రాదు. ఏ వారం ఏది వస్తుందో ఆరు నెలలకి సరిపడా జాబితా రిజర్వ్ బ్యాంకు ముందే ఇస్తుంది, మీ తమ్ముడికి ఆ పని అప్పజెప్పండి.

వేలం దాకా ఆగకుండా, ఇప్పటికే మార్కెట్లో ఉన్న పాత బాండు కూడా అదే ఖాతాలో కొనొచ్చు. అప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కిందటి వడ్డీ తేదీ నుంచి మీరు కొన్న రోజు దాకా పెరిగిన వడ్డీని అమ్మినవాళ్ళకి మీరే కట్టాలి. ఏడు శాతం బాండు వడ్డీ ఇచ్చిన మూడు నెలలకి కొంటే నూటికి రూపాయి ముప్పావలా అదనం. తర్వాత ఆరు నెలల వడ్డీ మొత్తం మీకే వస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు. తెలియనివాళ్ళు మాత్రం ఎక్కువ గుంజారని గొడవ పడతారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల బాండ్లు కూడా ఇందులోనే దొరుకుతాయి. కేంద్రం బాండు కంటే వాటిమీద వడ్డీ కొంచెం ఎక్కువ. వీటి చెల్లింపులు కూడా రిజర్వ్ బ్యాంకే చూస్తుంది. వద్దనను గానీ, మన రాష్ట్రాలు తరచుగా పది, పదిహేను, ఇరవై ఏళ్ళవి అమ్ముతుంటాయి, మీ మూడేళ్ళకి అవి కుదరవు. ఇంకో మాట: 2018లో 10.32 శాతం వడ్డీతో వచ్చిన అమరావతి బాండ్ల గురించి విని ఎవరైనా 'అవీ ప్రభుత్వ బాండ్లే' అంటే ఒప్పుకోకండి. అవి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థవి, రాష్ట్రం హామీ మాత్రమే ఇచ్చింది. హామీ ఇవ్వడం వేరు, అప్పు తనే చేయడం వేరు. పేరులో ప్రభుత్వం కనిపించినంత మాత్రాన అన్నీ ఒక గాటన కట్టొద్దు.

గిల్ట్ ఫండ్లు అనే మ్యూచువల్ ఫండ్ల మాటా మీ తమ్ముడు ఎత్తవచ్చు. అందులో ఉండేవీ ప్రభుత్వ బాండ్లే. కానీ మామూలు గిల్ట్ ఫండుకి తీరే తేదీ ఉండదు, ధర పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పెళ్ళికి తేదీ ఉంది కాబట్టి నేను బాండునే పట్టుకుంటాను.

పన్ను విషయంలో చాలామంది తెలియక తప్పు చేస్తున్నారు. ఇలా వేలంలో అమ్మే కేంద్రం బాండ్ల మీద వడ్డీలో ముందుగా పన్ను కోయరు, మొత్తం చేతికొస్తుంది. కోయలేదు కాబట్టి పన్ను లేదనుకుంటారు. ఉంది. ఆ వడ్డీ మీ మిగతా ఆదాయంతో కలుస్తుంది. రిటర్న్ వేసేవాళ్ళయితే తప్పకుండా చూపించాలి.

అందుకే ఖాతా ఎవరి పేరున తెరుస్తారన్నది కూడా ముఖ్యం. పెళ్ళి డబ్బుని తమ్ముడి ఖాతాలో పెడితే వడ్డీ అతని జీతంతో కలిసి ఎక్కువ పన్ను పడొచ్చు. చెల్లి పేరున తెరవండి. ఆమె ఆధార్, ఆమె ఫోను, ఆమె బ్యాంకు ఖాతా. వెంటనే 6 లక్షలూ పెట్టేయొద్దు. ముందు ఒక బుధవారం వేలంలో ఆమె చేతే 10,000 రూపాయలకి 91 రోజుల బిల్లు కొనిపించండి. మూడు నెలల తర్వాత ఆ పదివేలు ఖాతాలో పడ్డ మెసేజ్ ఆమె ఫోన్‌కి వస్తుంది. అది అమ్మగారికీ, పెదనాన్నగారికీ చూపించండి. ఈలోపు మిగిలిన 5 లక్షల 90 వేలు రెండు బ్యాంకుల్లో చెల్లి పేరునే మూడు నెలల డిపాజిట్‌లో ఉంచండి. ఆ తర్వాత, పెళ్ళికి రెండు మూడు నెలల ముందే తీరే బాండు ఏ శుక్రవారం వేలంలో వస్తుందో, లేదా పాత బాండ్లలో ఉందో చూసుకుని, కొనేముందు మళ్ళీ నాకొక ఉత్తరం రాయండి. తీరే తేదీ, పెళ్ళి నెల రెండూ పక్కపక్కన రాసి పంపితే నేనూ ఒకసారి సరిచూస్తాను.